లిఫ్టు కిట్టు కొనేముందు పొలం గట్టు ఎక్కియ్యండి: థార్, జిమ్నీ, పాత జీపుల వాళ్లకు లిఫ్టు, పెద్ద టైర్ల లెక్క

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడ్త, మీకు పైసలన్న మిగుల్తయి. థార్ కొన్న కొత్తల దోస్తు బండి చూసి నాకు గూడ ఎత్తు కావాలనిపించింది, ఒక షాపుకు పోయి ముందర రెండు స్పేసర్లు (స్ప్రింగు మీద పెట్టి బండిని లేపే దిమ్మెలు) ఏయించిన, ఇంచు మందమే కదన్నా అన్నడు ఆయన, సరే ఇంచే లేస్తది అనుకున్న. ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిస్తే ముందర దాదాపు రెండించులు లేచింది. ఎందుకో అప్పుడు తెల్వలే, తెల్వకనే సంబరపడ్డ. నాలుగు నెలలకు తాడ్వాయి దాటినంక స్టీరింగు మొత్తం తిప్పితే టక టక టక అని సౌండు, దిగి చూస్తే ఎడమ చక్రం లోపల అంత గ్రీజే, చక్రాన్ని తిప్పే రాడ్డు మీది రబ్బరు బూటు చినిగిపోయి జాయింటుల మట్టి నిండింది. హన్మకొండ దాక ఎట్ల తెచ్చిన్నో నాకే ఎరుక.

తప్పు స్పేసర్ది కాదు, వరుసది. అందరం ముందు లిఫ్టు కొంటం, తర్వాత దాంట్ల పట్టే పెద్ద టైరు కొంటం, ఆఖరికి ఆ బండిని ఏడికి తీస్కపోవాలె అని ఆలోచిస్తం. ఉల్టా పోవాలె. ముందు నేల, ఆ నేలకు టైరు, ఆ టైరుకు ఎంత జాగ కావాలెనో అంత లిఫ్టు, అంతకు మించి ఒక్క సెంటీమీటరు గూడ వద్దు.

మొదలు: మీరు నిజంగ ఏడ తిరుగుతరు

నిజం చెప్పుకుందాం, మన బండ్లు నెలల ఇరవై ఐదు రోజులు హన్మకొండ, కాజీపేట, హంటర్ రోడ్డు మీదనే ఉంటయి. మిగిలిన దినాలల్ల 163 నంబరు హైవే పట్టుకొని ములుగు, మేడారం, ఏటూరునాగారం దిక్కు, లేకపోతే భూపాలపల్లి, కాళేశ్వరం దిక్కు. అంటే వంద కిలోమీటర్లల్ల తొంభై తారు రోడ్డు. ఇది మర్చిపోయి మొత్తం బురద టైర్లు ఏస్తే ఆ తొంభై కిలోమీటర్లు చెవులు గుయ్యిమంటయి, వానల బ్రేకు కొడితే బండి ఆగేకాడ ఆగదు.

మట్టి సంగతికొస్తే మన దగ్గర ఒక్క రకం కాదు. నల్లరేగడి ఎండకాలం రాయి లెక్క ఉంటది, వాన పడంగనే బంక. ఆ బంక టైరు గాడిలల్ల నిండిందంటే ఎంత మంచి టైరైనా నున్నటి గుండ్రాయి అయిపోతది, దానికి గాడిలు వెడల్పుగ ఉండి తిరిగేటప్పుడు మట్టిని విసిరికొట్టే టైరు కావాలె. చెల్క నేలలు, ఎర్రమట్టి బాటలు మామూలు ఏటీ (ఆల్ టెర్రైన్, తారుకు మట్టికి రెండిటికి నడిచే) టైరుకు లెక్కే కాదు. గుట్టలకాడ బండలు ఉంటయి, ఆడ గాడిలకంటే పక్కగోడ ముఖ్యం, పదునైన రాయి పక్కకు కోసిందంటే ప్యాచు గూడ పడదు. గోదావరి ఇసుకల మాత్రం గాలి తగ్గించుడే సగం మందు, లిఫ్టుకు ఆడ పనే లేదు.

ఇంకో మాట, ఏటూరునాగారం అభయారణ్యం లోపల బాట దిగి నడుపుడు అనుకుంటే ఆ ఆలోచన ఇక్కడనే ఆపుండ్రి, ఫారెస్టోళ్లు బండి పట్టుకుంటరు, పట్టుకోవాలె గూడ. గుట్టలు, చెరువు శిఖాలు, దోస్తుల పొలాలు శాన ఉన్నయి.

లిఫ్టు లేపేది వేరు, టైరు లేపేది వేరు

ఈ ఒక్కటి అర్థమైతే సగం గైడు అయిపోయినట్టే. లిఫ్టు బాడీని, చాసిస్‌ను లేపుతది. ఇరుసును లేపదు. థార్ వెనక చూడండి, మధ్యల గుండ్రంగ ఇనుప హౌసింగు ఉంటది కద, అది రెండు చక్రాల మధ్యల గట్టిగ బిగించి ఉంటది, మీరు ఆరించుల లిఫ్టు ఏసినా అది నేలకు ఎంత దూరంల ఉందో అంతే దూరంల ఉంటది. ట్రాక్టరు గాళ్ల నడుమ మట్టి కుప్పకు తాకేది అదే. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అది గూడ టైరు ఎంత పెరిగితే దాంట్ల సగమే, ఎందుకంటే ఇరుసు టైరు నడుమల ఉంటది.

మరి లిఫ్టు ఎందుకు అంటే, పెద్ద టైరుకు జాగ ఇయ్యనీకి, గట్టు ఎక్కేటప్పుడు బంపరు గుద్దకుండ, గట్టు దాటేటప్పుడు నడుము తాకకుండ. కొత్త థార్‌కు కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్సు 226 మిల్లీమీటర్లు, జిమ్నీకి 210. మన జిల్లాలల్ల నూటికి తొంభై బాటలకు ఇవే ఎక్కువ, నేను ఇరుక్కున్న ప్రతీసారి క్లియరెన్సు తక్కువై కాదు, టైరుకు పట్టు లేక ఇరుక్కున్న.

టైరు సైజు లెక్క, చిన్న పిల్లగాని లెక్కే

టైరు మీద 245/75 ఆర్16 అని ఉంటే 245 మిల్లీమీటర్ల వెడల్పు, ఆ వెడల్పుల 75 శాతం పక్కగోడ ఎత్తు, 16 ఇంచుల రిమ్ము. 245ల 75 శాతం అంటే 183.75, పైన కింద రెండు గోడలు కలిపి 367.5, రిమ్ము 406.4, మొత్తం 774 మిల్లీమీటర్లు, ఇంచులల్ల ముప్పైన్నర. థార్ ఎల్ఎక్స్‌ల వచ్చిన 255/65 ఆర్18 ఇట్లనే లెక్కేస్తే 789, అంటే 31 ఇంచులు.

ఇప్పుడు 16 ఇంచుల రిమ్ము థార్ ఉన్నాయన 265/75 ఆర్16 వేస్తే 804 అయితది. పెరిగింది 30, హౌసింగు కింద దొరికేది 15 మిల్లీమీటర్లు. అదే 285/75 ఆర్16 వేస్తే 834, పెరిగింది 60, దొరికేది 30. ముప్పై మిల్లీమీటర్లంటే అటుఇటుగ రెండు వేళ్ల మందం. ఆ రెండు వేళ్ల కోసం లిఫ్టు, అలైన్‌మెంటు, మైలేజి, బ్రేకులు అన్నిటి మీద ఖర్చు పెడుతున్నరని తెలుసుకొని పెట్టుండ్రి, నేను వద్దంటలేను.

జిమ్నీకి కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15, అంటే 693. 215/75 ఆర్15 అయితే 703, లిఫ్టు లేకుండనే కూర్చుంటది, పట్టు బాగ పెరుగుతది. 235/75 ఆర్15 అయితే 733, దీనికి మామూలుగ రెండించుల లిఫ్టు వేస్తరు. కానీ జిమ్నీ ఇంజను 1.5 లీటర్ల పెట్రోలు, టార్కు 134 ఎన్ఎం, దానికి పెద్ద టైరు కడితే బక్క ఎద్దుకు వడ్ల బండి కట్టినట్టే, మూడో గేరుల పోయే ఎత్తు రెండో గేరుల పోతరు. డీజిల్ థార్‌ల అంత తెల్వది.

పెద్ద టైరు వేస్తే మీటరు అబద్ధం చెప్తది. 774 నుంచి 834 అంటే దాదాపు 7.75 శాతం, మీటరు 60 చూపిస్తుంటే బండి దగ్గర దగ్గర 65 మీద పోతుంటది, మీటరు 100 కిలోమీటర్లు తిరిగింది అంటే నిజంగ 107 దాటింది. మైలేజి పడిపోయింది అని ఏడ్చేటోళ్లు ముందు ఈ లెక్క కలుపుకోండి, పడుతది నిజమే కానీ మీరనుకున్నంత కాదు.

ఏటీనా ఎంటీనా

పైన చెప్పిన తొంభై కిలోమీటర్ల తారు లెక్క మీకు గూడ ఉంటే ఏటీ, ఇంక మాట లేదు. వానకాలమంత రేగడి పొలాలల్ల తిరిగే పని ఉన్నోళ్లకు, బోర్ల వ్యాపారం, చెరువుల కాంట్రాక్టు గట్ల, వాళ్లకు ఎంటీ (మడ్ టెర్రైన్, అంటే బురద టైరు). ఎంటీ బరువు ఎక్కువ, సౌండు ఎక్కువ, తడి తారు మీద పట్టు తక్కువ, తొందరగ అరుగుతది, కానీ బురదల దానికి అదే సాటి.

వెడల్పు గురించి గూడ ఒక ముచ్చట, అందరికి వెడల్పు టైరంటేనే ఇష్టం, చూడనీకి బాగుంటది. ఇసుకల వెడల్పు మంచిదే, తేలుతది. కానీ పైన జారుడు బురద, కింద గట్టి నేల ఉన్నకాడ సన్నగ పొడుగ్గ ఉన్న టైరు బురద కోసుకొని గట్టి నేల పట్టుకుంటది. మన పాత జీపులు, ట్రాక్టరు ముందు టైర్లు చూడండి, ఊరికే అంత సన్నగ పెట్టలే.

కొనేటప్పుడు పక్కగోడ మీద సైజు తర్వాత ఉండే నంబరు చదవండి. 109 అంటే ఒక టైరు 1030 కిలోలు మోస్తది, 112 అంటే 1120, 115 అంటే 1215. పక్కన అక్షరం స్పీడు, క్యూ అంటే 160, ఎస్ అంటే 180, టీ అంటే 190. పాతదాని కంటే తక్కువ నంబరున్నది తీసుకోకండి, తక్కువ ధరకు వస్తుందని అసలే వద్దు. తయారైన తారీఖు నాలుగంకెలల్ల ఉంటది, 2324 అంటే 2024ల 23వ వారం. రెండేండ్లు షాపుల మూలకు పడున్న టైరు కొత్త ధరకు ఎందుకు కొనాలె.

ఇంకొకటి, ఐదు టైర్లు. నాలుగు కాదు. స్టెప్నీ పాత సైజుది ఉంచుకొని అడవిల పంచరైతే, ఒక పక్క పెద్దది ఇంకో పక్క చిన్నది పెట్టి ఫోర్ బై ఫోర్‌ల నడిపిన్రంటే గేర్ల మీద జోరు పడి ఏదో ఒకటి విరుగుతది. వెనక డోరుకు పెద్ద స్టెప్నీ పడుతదా, డోరు కీలు ఆ బరువు మోస్తదా, అది గూడ అప్పుడే చూసుకోండి.

గట్టు పరీక్ష

ఏం కొనకముందే ఇది చెయ్యండి, ఖర్చు లేదు. వరికోతలు అయినంక తెలిసినోళ్ల పొలం అడిగి తీసుకోండి. ముందు కుడి చక్రం గట్టు మీదికి ఎక్కియ్యండి, వెనక ఎడమ చక్రం గూడ ఏదన్న ఎత్తు మీద ఉండేటట్టు, అంటే బండి ఐమూలగ మెలిక పడాలె. ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, మిగిలిన చక్రాలకు రాళ్లు పెట్టి, స్టీరింగు కుడికి మొత్తం, ఎడమకు మొత్తం తిప్పి, పైకి అణిగిన టైరుకు ఫెండరుకు, లోపలి ప్లాస్టిక్‌కు, బంపరు మూలకు, చాసిస్‌కు ఎంత సందు ఉందో టేపుతో కొలిచి ఫోన్ల రాసుకోండి. ఒక్కరు స్టీరింగు మీద, ఒక్కరు కింద, బండి కిందికి మాత్రం దూరకండి.

ఇప్పుడు కొత్త టైరు లెక్క దాంట్ల నుంచి తీసెయ్యండి. 245/75 నుంచి 285/75కు పోతే పైకి 30, పక్కలకు చెరో 20 మిల్లీమీటర్లు పెరుగుతది. సందు 25 ఉండి మీకు 30 కావాలంటే తాకుతది, అంతే.

ఇక్కడనే చానామంది ఆగం అయితరు. లిఫ్టు వేస్తే సందు పెరుగుతది కద అంటరు. ఇంటిముందు నిలబడ్డ బండికి పెరుగుతది. కానీ గట్టు మీద స్ప్రింగు పూర్తిగ అణిగినప్పుడు టైరు మళ్ల పాత జాగకే పోతది. అది అంత పైకి పోకుండ ఆపేది బంప్ స్టాపు, ఆ రబ్బరు ముక్క. లిఫ్టుతోని బంప్ స్టాపు గూడ పొడుగు చెయ్యకపోతే మూడించుల లిఫ్టున్న బండి గూడ గుంతల పడంగనే ఫెండరు కోసుకుంటది. షాపాయనను ఈ ఒక్క ప్రశ్న అడగండి, బంప్ స్టాపు ఏం చేస్తవన్నా అని, మొఖం చూస్తే తెలుస్తది పని వచ్చో రాదో.

రిమ్ము మారుస్తుంటే ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికో బయటికో కూర్చుంటదో ఆ సంగతి చూడండి. చక్రం బయటికి వచ్చేకొద్ది తిరిగేటప్పుడు పెద్ద సున్నా గీస్తది, ముందు సరిపోయిన టైరు గూడ బంపరుకు తాకుతది, బేరింగు మీద బరువు పెరుగుతది, బురద మొత్తం డోర్ల మీదికే.

ఎంత లిఫ్టు, ఏ రకం

ఇది బండి కింద ఏముందో దాన్ని బట్టి. కొత్త థార్‌ల ముందర రెండు చక్రాలు వేర్వేరుగ ఊగుతయి, డబల్ విష్‌బోన్ అంటరు, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి కిందొకటి రెండు ఇనుప చేతులు పట్టుకుంటయి, వెనక గట్టి ఇరుసు, నాలుగింట కాయిల్ స్ప్రింగులు. నా ఇంచు స్పేసరు రెండించులు ఎందుకు లేపిందో ఇప్పుడు చెప్త. షాకు, స్ప్రింగు కలిసిన కట్ట కింది చేతికి నడుమల కూర్చుంటది, చక్రం ఆ చేతి కొసకు ఉంటది. నడుమల ఇంచు తోస్తే కొసకు దాదాపు రెండింతలు కదులుతది, ఏతం ఎట్ల పనిచేస్తదో గట్లనే. చక్రం కిందికి దిగింది కానీ డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు జోరు పంచే గేర్ల డబ్బా) చాసిస్‌కు బిగించి ఉంది కాబట్టి అది పైకి పోయింది, రెండిటి నడుమ తిరిగే రాడ్డు వంకర కోణంల తిరిగి తిరిగి రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకొని చినిగినయి. అందుకే థార్ ముందర ఒకటిన్నర, మహా అంటే రెండించులు, చక్రం కాడ కొలిచినవి. అంతకుమించి కావాలంటే పై చేతులు మార్చాలె, డిఫరెన్షియల్‌ను కిందికి దించే కిట్టు వెయ్యాలె, అది వేరే ఖర్చు, వేరే కథ.

స్పేసరు కంటే స్ప్రింగు, షాకు జోడీ మార్చుడు మంచిది. స్పేసరు ఎత్తు ఇస్తది గాని నడక మార్చదు, పాత షాకు కిందికి దిగేటప్పుడు తొందరగనే ఆఖరు వరకు పోయి ధన్‌మని కొడ్తది. స్ప్రింగు కొనేటప్పుడు బండి మీద రోజూ ఎంత బరువు ఉంటదో చెప్పండి. ఇనుప బంపరు, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో గుంజే మిషను) ఉంటే గట్టి స్ప్రింగు, ఏం లేకపోతే గట్టిది తీసుకోకండి, ఖాళీ బండి కడుపుల పేగులు కదిలిస్తది. షాకు పొడుగు స్ప్రింగుకు సరిపోవాలె, పొట్టిదైతే అదే స్ప్రింగును ఆపి విరుగుతది, పొడుగైతే బంప్ స్టాపు కంటే ముందు అదే కూలబడ్తది.

జిమ్నీకి ముందు వెనక రెండూ గట్టి ఇరుసులే. దీనికి రాడ్డు కోణం బాధ లేదు, కానీ లేపినకొద్ది పానార్డ్ రాడ్డు (ఇరుసు పక్కకు పోకుండ చాసిస్‌కు పట్టి ఉంచేది) ఇరుసును ఒక పక్కకు గుంజుతది, ముందర క్యాస్టర్ (స్టీరింగు తిరిగే కీలు వెనకకు వాలిన కోణం) తగ్గుతది. అప్పుడు 80 స్పీడుల చిన్న గుంత తగిలితే స్టీరింగు గజగజ ఊగుతది, ఒకసారి చూస్తే జన్మల మర్చిపోరు. రెండించులు వేస్తే క్యాస్టర్ సరిచేసే బుష్‌లు గాని బ్రాకెట్లు గాని, సైజు మార్చుకునే పానార్డ్ రాడ్డు గాని కలిపే వేయించండి. థార్ వెనక ఇరుసుకు గూడ ఆ పక్కకు గుంజుడు ఉంటది, కొలిచి చూసుకోండి.

పాత థార్ సీఆర్డీఈ ముందర టార్షన్ బారు (మెలిక పడి స్ప్రింగు పని చేసే కడ్డీ), బోల్టు బిగిస్తే ముందర లేస్తది, ఉచితంగ వస్తుంది కదా అని చివరిదాక బిగిస్తరు కొందరు, చక్రం కిందికి దిగనీకి జాగనే ఉండదు, ప్రతీ గుంతల దెబ్బ. వెనక కమాన్ పట్టీలు. జిప్సీకి నాలుగింట పట్టీలే. వీటికి ఒక పట్టీ కలుపుడు, షాకిలు (పట్టీ కొసను చాసిస్‌కు పట్టించే కొండి) మార్చుడు మన ఆటోనగర్‌ల తరాల నుంచి చేస్తున్నదే, చేతి పని బాగుంటది. కానీ ముందర ఇరుసుకు పట్టీకి నడుమ దిమ్మె పెట్టి లేపుత అంటే వద్దనండి, బ్రేకు కొట్టినప్పుడు ఆ దిమ్మె జారితే స్టీరింగు మీ చేతుల ఉండదు.

బాడీ లిఫ్టు అని ఇంకోటుంది, చాసిస్‌కు బాడీకి మధ్యల దిమ్మెలు. నేను వేయించను, అంతే చెప్త.

ఆర్సీ, ఇన్సూరెన్సు

మోటారు వాహనాల చట్టం 1988ల సెక్షన్ 52 ప్రకారం ఆర్సీల, కంపెనీ స్పెసిఫికేషన్ల ఉన్నదానికి తేడా వచ్చేటట్టు బండి మార్చద్దు, 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ ఇదే గట్టిగ చెప్పింది. అదే ఏడాది సవరణతోని వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాక జైలు గూడ రాసి ఉంది. కంపెనీ మీ మోడల్‌కే ఇంకో వేరియంట్ల ఇచ్చే టైరు సైజు అయితే వాదన తక్కువ, ఫెండరు దాటి బయటికొచ్చిన టైరు, మూడించుల లిఫ్టు అయితే మీరు తప్పు ఒప్పుకున్నట్టే. ఇన్సూరెన్సోళ్లకు రాతపూర్వకంగ చెప్పకపోతే ఆక్సిడెంటు నాడు ఇదే సాకు దొరుకుతది. వారంటీల ఉన్న బండి అయితే ఇంకోసారి ఆలోచించండి.

బిగించే రోజు దగ్గర నిలబడండి

టీ తాగొస్త అని పోకండి. ముందు నాలుగు చక్రాలకాడ హబ్బు నడుమ నుంచి ఫెండరు అంచు దాక కొలిచి రాసుకోండి, పని అయినంక మళ్ల అక్కడనే కొలవండి, నిజంగ ఎంత లేచిందో అప్పుడే తెలుస్తది. రబ్బరు బుష్‌లున్న బోల్టులు చక్రాలు గాలిల ఉన్నప్పుడు చివరి బిగింపు బిగించద్దు, బండి నేల మీద తన బరువు మీద నిలబడ్డంక బిగించాలె, లేకపోతే ఆ రబ్బరు ఎప్పుడూ మెలిక పడే ఉంటది, కొద్ది నెలలల్లనే పగుల్తది. చక్రాలు పూర్తిగ కిందికి వేలాడుతున్నప్పుడు బ్రేకు పైపు, ఏబీఎస్ వైరు బిర్రుగ గుంజుకుపోతున్నయా చూడండి, పోతుంటే పొడుగు పైపు వేసేదాక బండి కదలద్దు.

అదే రోజు అలైన్‌మెంటు. టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండుడు) ఒక్కటే సరిచేసి పంపుతరు, క్యాంబర్ (చక్రం పక్కకు వాలుడు), క్యాస్టర్ ఎంతొచ్చినయో ప్రింటు అడగండి. హెడ్‌లైట్లు కిందికి దించియ్యండి, లేకపోతే రాత్రి ములుగు రోడ్డు మీద ఎదురొచ్చే బొగ్గు లారోళ్లు మిమ్ములను తిట్టని తిట్టు ఉండదు. 500 కిలోమీటర్లు తిరిగినంక అన్ని బోల్టులు మళ్ల చెక్ చేయించండి. కంపెనీ జాకీ ఇప్పుడు ఎత్తు సరిపోదు, దాని కింద పెట్టనీకి గట్టి చెక్క ముక్క గాని పెద్ద బాటిల్ జాకీ గాని బండిల వేసుకోండి.

బండి ఎత్తు పెరిగితే బరువు గూడ పైకి పోయినట్టే, పాత స్పీడుల మలుపులు తీసుకోకండి, పైన క్యారియరు మీద సామాన్లు తగ్గించండి. టైర్ల గాలి తారు రోడ్డు మీద డోరుకాడ స్టిక్కరు చెప్పినంత, మట్టి బాట మీద 22 నుంచి 25 పీఎస్ఐ, ఇసుకల 15 నుంచి 18, అంత తగ్గించినంక మెల్లగ పోవాలె, బండిల కంప్రెసరు లేకుండ గాలి తియ్యకండి. ఈ కంప్రెసరు ఒక్కటి నాకు లిఫ్టుకంటే ఎక్కువ పనికొచ్చింది.

వాగుల సంగతి

లిఫ్టు వేసినంక అందరికి వాగు దాటాలనిపిస్తది. థార్‌కు కంపెనీ చెప్పే నీళ్ల లోతు 650 మిల్లీమీటర్లు, అది నిలకడ నీళ్లకు. 2023 జూలైల మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల పడ్డ వాన 649.8 మిల్లీమీటర్లు, ఆ వానకే మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది. అసోంటి నీళ్ల ముందు రెండించులు ఒక లెక్కనా. గాలి పీల్చే పైపు ఏ ఎత్తుల ఉందో, డోర్లల్లకు నీళ్లు వస్తే బండి తేలుడు ఎప్పుడు మొదలైతదో, ఇవి టైరుతోని పెద్దగ మారేవి కావు. జంపన్న వాగు ఎండకాలం మోకాళ్ల లోతున్నప్పుడు దాటిన్నని వానకాలం అదే బాటల దిగద్దు.

ఇప్పుడు నా బండి మీద ఉన్నది 265/75 ఆర్16 ఏటీ ఐదు, ముందర చక్రం కాడ ఇంచున్నర లేపే స్ప్రింగు షాకు జోడీ, వెనక దానికి జోడీ, అంతే. ఈ టైరుకు గట్టు పరీక్షల సందు మిగిలింది, నిజానికి లిఫ్టు లేకున్నా నడిచేదే, ముందర ఇనుప బంపరు ఉంది కాబట్టి వేయించిన. బూట్లు చినగలే ఇంకా. మా అమ్మ ఎక్కనీకి మాత్రం పక్కకు మెట్టు పెట్టియ్యాల్సొచ్చింది, మేడారం పోయినప్పుడల్ల బెల్లం బుట్ట నా చేతికిచ్చి, ఇంత ఎత్తు బండి ఎందుకు కొన్నవురా అనుకుంటనే ఎక్కుతది.